లక్షణమూ సందర్భమూ: ఖమ్మం–భద్రాచలం అడవుల్లో వన్యప్రాణుల మనుగడ

అడవి జంతువు ఎలా బతికి బట్టకడుతుంది అన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు ఇచ్చే జవాబు చాలావరకు ఒక పట్టికలా ఉంటుంది: ఏదుపందికి ముళ్లు, దుప్పికి చుక్కలు, చిరుతకు గోళ్లు. పట్టికలో తప్పేమీ లేదు గానీ, ఆ ముళ్లు ఎవరి మీద పనిచేస్తాయో, ఆ చుక్కలు ఏ నెలలో కంటికి ఆనకుండా పోతాయో, ఏ నెలలో పట్టిచ్చేస్తాయో అది చెప్పదు. జీవి తన పరిసరాల్లో బతికి సంతానాన్ని మిగుల్చుకోవడానికి తోడ్పడుతూ తరం నుంచి తరానికి సంక్రమించే లక్షణాన్ని జీవశాస్త్రం అనుకూలనం అంటుంది. అలాంటి లక్షణం ఉన్నవి ఎక్కువ పిల్లలను మిగుల్చుకుంటూ, లేనివి తగ్గిపోతూ వచ్చే ప్రక్రియకు 1859లో చార్లెస్ డార్విన్ తన గ్రంథంలో వాడిన మాటను తెలుగులో ప్రకృతి వరణం అంటున్నారు. ఈ ప్రక్రియకు ముందుచూపు లేదు. గడిచిన వేల తరాల్లో ఏది అక్కరకు వచ్చిందో దాన్నే అది నిలబెడుతుంది, రేపు ఏం రాబోతున్నదో దానికి పట్టదు. అందువల్ల ఏ లక్షణం విలువైనా అది రూపుదిద్దుకున్న సందర్భంతో కలిపి చూస్తేనే తేలుతుంది; సందర్భం మారితే నిన్న ప్రాణం కాపాడిన లక్షణమే ఇవాళ ప్రాణం మీదికి తెస్తుంది. ఖమ్మం, భద్రాచలం సరిహద్దు అడవులు ఈ మాటను పరీక్షించి చూడటానికి అన్నివిధాలా అనువైన చోటు.

ఈ అడవుల పటం కొంత చిక్కుగానే ఉంటుంది. పాల్వంచ దగ్గర 1977లో ప్రకటించిన కిన్నెరసాని అభయారణ్యం సుమారు 635 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. దానికి ఎగువన ఏటూరునాగారం అడవులు, గోదావరికి ఆవల ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ అడవులు, దిగువన 1978లో అభయారణ్యంగానూ 2008లో జాతీయ ఉద్యానంగానూ ప్రకటించిన పాపికొండలు ఉన్నాయి. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లడం, 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా కావడం కాగితం మీది సంగతులు. వానాకాలంలో చిక్కగా అల్లుకుని, ఫాల్గుణం దాటేసరికి ఆకు రాల్చి, మే నెలలో 45 డిగ్రీల ఎండకు మాడిపోయే ఆకురాల్చు అడవిగా ఇదంతా ఒకటే. ఇక్కడి జంతువు ఒకే ఏడాదిలో రెండు వేర్వేరు లోకాల్లో బతకాలి, ఒకటి నీరూ నీడా పుష్కలంగా ఉండేది, మరొకటి రెండూ కరువైనది.

ఎండాకాలపు లోకంలో మొదటి లెక్క నీళ్లది. చుక్కల దుప్పి రోజూ నీళ్లు తాగక తప్పని జంతువు గనుక వాగుల వెంబడి తిరుగుతుంది. వాన నీటి మడుగులు ఎండేకొద్దీ గుంపులు కొద్దిచోట్లకే చేరి వేటజంతువులకు చిరునామా ఇచ్చినట్టవుతుంది. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు మచ్చల్లో కలిసిపోయే దాని తెల్ల చుక్కలు పచ్చటి అడవిలో మంచి మరుగు. నీడ పోయిన టేకు అడవిలో ఆ మరుగు సగానికి సగం పోతుంది, అప్పుడు దానికి దిక్కు గుంపే. మనుబోతు ఇంతకంటె మొండిది, నీళ్లు లేకుండా కొన్ని రోజులు నెట్టుకు రాగలదు. ఈ రెంటికీ భిన్నమైన దారి కొండగొర్రెది. పేరులో గొర్రె ఉన్నా ఇది భారత్, నేపాల్‌లలో తప్ప మరెక్కడా లేని చిన్న జింక. మగదానికి నెత్తిమీద రెండు, వాటి ముందు పొట్టిగా మరో రెండు, మొత్తం నాలుగు కొమ్ములుంటాయి, అడవిలో బతికే మరే జంతువుకూ ఈ అమరిక లేదు. గుంపు కట్టదు, పొడవైన గడ్డిలో ఒంటరిగానో జంటగానో కదలకుండా నక్కి, శత్రువు దాదాపు మీదికి వచ్చేదాకా ఆగి, ఒక్కసారిగా ఉరికి పారిపోతుంది. ఒకే చోట పెంటికలు వేసి కుప్ప చేయడం, కంటి ముందున్న గ్రంథి స్రావాన్ని మొక్కలకు రాయడం దాని హద్దుల ప్రకటన. గడ్డి ఉన్నంతకాలం ఈ నక్కే పద్ధతికి తిరుగులేదు. వేసవి మంటల్లో గడ్డి కాలిపోయిన నేల మీద దానికి దాక్కునే చోటే ఉండదు.

ఈ అడవుల్లో శరీరమూ ప్రవర్తనా ఎంత విచిత్రంగా ముడిపడతాయో చూపడానికి ఎలుగుబంటిని మించినది లేదు. తెలంగాణ పల్లెల్లో గుడ్డెలుగు అని పిలిచే ఈ జంతువు వంశం రీత్యా మాంసాహారుల గణానికి చెందినా, బతుకుతెరువు రీత్యా చెదలూ చీమలూ పళ్లూ తేనే తినేది. పై దవడలో మధ్యనున్న రెండు కొరుకుడు పళ్లు దానికి ఉండవు. ఆ ఖాళీ, ముందుకు సాగే పెదవులు, ఇష్టం వచ్చినట్టు మూసుకోగల ముక్కుపుటాలు కలిసి దాని మూతిని ఒక గొట్టంగా మారుస్తాయి. కొడవళ్ల లాంటి గోళ్లతో పుట్టను పగలగొట్టి, ముందు ఊది దుమ్ము తరిమి, తరవాత బలంగా లోపలికి పీల్చి చెదలను లాగేస్తుంది. ఆ పీల్పు చప్పుడు వంద మీటర్ల అవతలికి వినిపిస్తుంది. చలిదేశాల ఎలుగుల్లా ఇది శీతాకాలమంతా నిద్రపోదు, ఎందుకంటే ఇక్కడ చెదలు ఏడాది పొడుగునా దొరుకుతాయి. పిల్లలను తల్లి వీపున మోసుకు తిరగడం మరో విశేషం. ఇతర ఎలుగులు ప్రమాదం వస్తే పిల్లలను చెట్టెక్కిస్తాయి. చిరుత చెట్టెక్కగల, పులి నేల మీద తిరిగే అడవిలో ఆ ఉపాయం అంతగా చెల్లదు. తల్లి వీపు మీది పొడవైన జూలును పట్టుకుని కూర్చున్న పిల్లలకు తల్లి గోళ్లే కోట.

దీనికి తోడు ఎలుగు పరుగెత్తి తప్పించుకునే జంతువు కాదు. చూపు మందం, వినికిడి అంతంతమాత్రం, తిండి మీద పడితే చుట్టూ ఏముందో పట్టించుకోదు. హఠాత్తుగా ఎదురుపడితే వెనక్కి తగ్గకుండా రెండు కాళ్ల మీద లేచి మీదపడుతుంది. పులితో కలిసి బతికిన లక్షల ఏళ్లలో ఈ తెగింపే దాన్ని కాపాడిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం, ఎందుకంటే పరుగులో పులిని గెలవలేని జంతువు పులికి వెన్ను చూపితే బతకదు. ఈ తెగింపు మనిషి ముందు ఎలా పరిణమిస్తుందో ఇప్పచెట్టు కింద చూడవచ్చు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాత్రీ తెల్లవారుజామునా రాలతాయి. రసం నిండిన ఆ తియ్యటి పూరేకుల కోసం ఎలుగు చీకటి ఉండగానే చేరుతుంది, అవే పూలను ఏరుకుని ఎండబెట్టుకోవడానికి కోయ, కొండరెడ్డి ఆడవాళ్లు బుట్టలతో వేకువనే బయలుదేరతారు. చలికాలంలో పుట్టిన పిల్లలు గుహ వదిలి తల్లి వీపెక్కేదీ దాదాపు ఆ రోజుల్లోనే. ఆ వెంటనే తునికాకు కోత, తునికి పళ్ల కాలం వస్తాయి. ఎలుగు దాడులను దాని క్రూరత్వానికి కట్టబెట్టడం పత్రికల్లో అలవాటుగా మారింది గానీ, ఆ జంతువు చేస్తున్నది పులి దగ్గర నేర్చిన పాఠాన్ని మనిషికి అప్పజెప్పడమే.

వేటాడే జంతువుల సంగతికి వస్తే, ఒకే అడవిలో పులి, చిరుత, రేసుకుక్క మూడూ ఎలా పొసగుతాయన్నది పాత ప్రశ్న. దీనికి మన దేశంలో దొరికిన మంచి జవాబుల్లో ఒకటి కర్ణాటకలోని నాగరహొళెలో కె. ఉల్లాస్ కారంత్, మెల్విన్ సన్‌క్విస్ట్ చేసి 1995లో ప్రచురించిన అధ్యయనం: పులి చంపే ఎర సగటు బరువు 91.5 కిలోలు, రేసుకుక్కలది 43.4, చిరుతది 37.6. అంటే పెద్ద ఎర తగినంత ఉన్నంతకాలం మూడూ ఒకే కంచం మీద పడవు. రేసుకుక్క ఒక్కొక్కటి పదిహేను కిలోల చుట్టూ తూగే జంతువే; గుంపుగా తరిమి, ఈలల్లాంటి కూతలతో చెదిరిన గుంపును మళ్లీ కలుపుకుని, తనకంటె ఎన్నోరెట్లు పెద్దదాన్ని పడగొడుతుంది, తిన్న మాంసాన్ని తిరిగి కక్కి గుంపులోని పిల్లలకు పెడుతుంది. చిరుత బలం మాత్రం ఎంపిక లేకపోవడంలో ఉంది. కుందేలు, కొండముచ్చు, దుప్పి పిల్ల, ఊరి కుక్క, మేక, ఏది దొరికితే అది. చంపినదాన్ని పులికీ రేసుకుక్కలకూ అందకుండా చెట్టు కొమ్మ మీదికి ఈడ్చుకుపోతుంది. పెద్ద ఎర తగ్గిన సరిహద్దు అడవుల్లో పులి అప్పుడప్పుడు వచ్చిపోయే చుట్టంగా మారినా చిరుత నిలదొక్కుకుని ఉండటానికి ఈ నోటి ఉదారత్వమే కారణం.

ఎర వైపు నుంచి చూస్తే పరిమాణమే రక్షణగా ఎదిగినది అడవి దున్న. మగది వెయ్యి కిలోలకు చేరగలదు. పెరిగిన దున్నను పడగొట్టే సాహసం పులి ఒక్కటే చేస్తుంది, అదీ జాగ్రత్తగా. పాపికొండలను ఇంగ్లీషువారు బైసన్ కొండలన్నది ఈ దున్నల వల్లనే. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద వెలువరించిన గ్రంథం పేరులోనూ ఆ కొండలే ఉన్నాయి. ఒక మానవశాస్త్ర గ్రంథానికి అడవి దున్న ఇలా పేరు పెట్టడం ముచ్చటైన సంగతి. దున్నకు భారీ శరీరం ఎంత రక్షో మంద కూడా అంత రక్ష, పిల్లలు మధ్యన ఉంటే కళ్లూ ముక్కులూ అన్నివైపులా కాపలా. కానీ పులికి అడ్డుగోడైన ఆ దగ్గరితనమే అంటురోగానికి దారి. ఊరి పశువుల నుంచి సోకిన రిండర్‌పెస్ట్ 1968లో బందీపూర్, ముదుమలై ప్రాంతంలో అడవి దున్నల మందలను తుడిచిపెట్టింది. ఆ రోగాన్ని ప్రపంచం నుంచి నిర్మూలించినట్టు 2011లో ప్రకటించారు గానీ, అడవి అంచుల్లో పశువులూ దున్నలూ ఒకే మడుగున తాగే పరిస్థితి గాలికుంటు వంటి రోగాలకు ఇప్పటికీ తలుపు తెరిచే ఉంచుతుంది.

మంద కట్టడం కంటె సూక్ష్మమైన కాపలా వేరే జాతితో పొత్తు. కొండముచ్చు చెట్టుపైనుంచి దూరం చూస్తుంది, దుప్పి కింద వాసనా అలికిడీ పసిగడుతుంది. ఒకదాని హెచ్చరిక కూతకు రెండోది స్పందిస్తుంది. కొండముచ్చులు సగం తిని పారేసే ఆకులూ కాయలూ దుప్పికి ఎండాకాలపు మేత. ఈ పొత్తును కన్హా వంటి మధ్యభారత అడవుల్లో వివరంగా నమోదు చేశారు. ఇందులో స్నేహం వెతకనక్కర్లేదు, ఎవరి లాభం వారిది. సాంబరు ముందుకాలితో నేల తన్ని తోక లేపి పెట్టే బిగ్గర కేక మరో రకం. ఆ కేక తోటి సాంబరును హెచ్చరించడంతో ఆగదు, నక్కి ఉన్న పులికి దాని ఉనికి బయటపడిందని కూడా తెలియజేస్తుంది, పొంచి దూకే జంతువు గుట్టు రట్టయ్యాక సాధారణంగా ఆశ వదులుకుంటుంది. తరిమి వేటాడే రేసుకుక్కలకు ఈ సందేశంతో పని లేదు. ఒకే కూత ఒక శత్రువును వెనక్కి పంపి, మరొకదాన్ని ఆపలేకపోతుంది.

మోసం చేసి బతికే జీవుల్లో రెంటిని దగ్గరగా చూడటం మేలు. కరివేపాకు, నిమ్మ చెట్ల మీద గుడ్లు పెట్టే నల్ల సీతాకోకచిలుక ఒకటి, కామన్ మార్మన్ అనేది, తెలుగునాట అంతటా ఉంటుంది. దీని మగవన్నీ ఒకే తీరు. ఆడవాటిలో కొన్ని మగవాటిలా, కొన్ని ఈశ్వరి తీగ తిని ఒంట్లో విషం నింపుకున్న కామన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుకలా ఎరుపు మచ్చలతో ఉంటాయి. ఒకసారి చేదు తిన్న పిట్ట ఎరుపు మచ్చను గుర్తుపెట్టుకుంటుంది, విషం లేనిదీ ఆ గుర్తు చాటున బతికిపోతుంది. ఇలా హానిచేసే జీవిలా హాని లేని జీవి కనిపించడాన్ని అనుకరణ అంటారు. ఈ వేషం మొత్తాన్ని డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు నడుపుతుందని కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులు 2014లో చూపారు. విషమున్న అసలుది ఎక్కువగా, వేషగాళ్లు తక్కువగా ఉన్నంతకాలమే వేషం చెల్లుతుంది. వేషగాళ్లు పెరిగితే పిట్టలు ఎరుపు మచ్చలో చేదు ఉంటుందన్న నమ్మకాన్నే వదులుకుంటాయి.

రెండోది తోడేలు పాము. విషం లేని ఈ చిన్న పాము ఇళ్ల గోడల్లో బల్లులను పట్టుకుని బతుకుతుంది, చూడటానికి మాత్రం కట్లపామును పోలి ఉంటుంది. తెలిసినవారికి తేడా తెలుస్తుంది: తోడేలు పాము పట్టీలు మెడ దగ్గర వెడల్పుగా మొదలై తోకకు పోయేకొద్దీ వెలిసిపోతాయి, కట్లపాముకు తల వెనక కొంత మేర ఖాళీగా ఉండి, సన్నని జంట పట్టీలు తోక వైపు స్పష్టమవుతాయి, వెన్నెముక వెంబడి పొలుసులు పెద్దవిగా ఆరు పలకలతో ఉంటాయి. ఈ తేడా చూసేంత నిదానం లాంతరు వెలుతురులో కర్ర ఎత్తిన చేతికి ఉండదు. గద్దనూ ముంగిసనూ వెనకాడించే పోలికే మనిషి ఇంట్లో దానికి మరణశాసనం.

కవచాల విషయంలోనూ ఇదే కథ. ఏదుపంది ముళ్లు విసురుతుందన్నది అపోహ. గలగలలాడించి హెచ్చరించి, అయినా వదలని శత్రువు మీదికి వెనక్కి దూసుకువచ్చి గుచ్చుతుంది. వేటగాడు జిమ్ కార్బెట్ రాసిన ముక్తేశ్వర్ ఆడపులి ఏదుపంది ముళ్లతో కన్ను పోగొట్టుకుని, మామూలు వేట చేతగాక మనుషులను చంపడానికి దిగినదే. అలుగు ఇంకా పకడ్బందీగా కనిపిస్తుంది: మన గోళ్ల పదార్థమే అయిన కెరటిన్‌తో తయారైన పొలుసులు, పళ్లు లేని నోరు, చీమల్లోకి దూరే జిగట నాలుక, ఏడాదికి సాధారణంగా ఒక్క పిల్ల. ప్రమాదం వస్తే బంతిలా చుట్టుకుంటుంది, చిరుత పళ్లకు ఆ బంతి లొంగదు. వేటగాడికి మాత్రం అంతకంటె సులువైన వేట లేదు, పరుగెత్తదు, కరవదు, సంచిలో వేసుకుపోవడమే. పొలుసుల అక్రమ వ్యాపారం వల్లనే ఎనిమిది అలుగు జాతులన్నింటికీ 2016లో అంతర్జాతీయ వాణిజ్య నిషేధం విధించాల్సి వచ్చింది.

ఇంతవరకు వచ్చాక కనిపించే ప్రతి లక్షణానికీ ఒక ఉపయోగం అంటగట్టాలన్న ఉబలాటం కలగడం సహజం. జీవశాస్త్రవేత్తలు స్టీఫెన్ జే గౌల్డ్, రిచర్డ్ లెవాంటిన్ 1979లో ఈ ఉబలాటాన్నే ఘాటుగా విమర్శించారు. గోదావరి ఈ విషయంలో మంచి ఉదాహరణ. ఈ నది పరిసరాలు చాలా జంట జాతులకు హద్దు: ఉత్తరాన, గుగ్గిలం అడవుల వైపు ఎర్ర అడవికోడి, దక్షిణాన బూడిదరంగు అడవికోడి, ఉత్తరాన రీసస్ కోతి, దక్షిణాన నెత్తిమీద వెంట్రుకలు టోపీలా విచ్చుకునే బోనెట్ కోతి, కొండముచ్చుల్లోనైతే ఉత్తరాది రకం నడుస్తున్నప్పుడు తోకను వీపు మీదుగా ముందుకు వంచుతుంది, దక్షిణాది రకం వెనక్కి వంచుతుంది. తోక ముందుకు వంచితే బతుకుతుందనీ వెనక్కి వంచితే చస్తుందనీ వాదించడం కష్టం. రెండు వంశాలు విడివిడిగా పెరిగిన చరిత్ర మిగిల్చిన గుర్తుగా చూడటమే సబబు. నెమలి పింఛం మరో దిక్కు: మనుగడకు అడ్డంకే అయినా ఆడవాటి ఎంపిక వల్ల నిలిచిన దాన్ని వివరించడానికి డార్విన్‌కు 1871లో లైంగిక వరణం అనే వేరే సూత్రం అవసరమైంది.

ఇలాంటి జాగ్రత్త అవసరమైన మరో చోటు కిన్నెరసాని జలాశయపు మొసలి. పొదిగే ఇసుక వేడే పిల్లలు ఆడవో మగవో నిర్ణయించే జీవి ఇది. చల్లదనం కోసం గట్టులో బొరియ తవ్వుకుంటుంది. పక్షులు గూళ్లకు పుల్లలు ఏరుకునే కాలంలో మూతి మీద పుల్లలు పెట్టుకుని వాటికి ఎర వేస్తుందని మద్రాసు మొసళ్ల కేంద్రంలో చేసిన పరిశీలనల ఆధారంగా 2013లో ప్రకటించారు. కథ రుచిగా ఉన్నా, మరిన్ని పరీక్షలు గట్టిపరిచేదాకా దాన్ని తేలిన సత్యంగా పాఠాల్లో చేర్చడం తొందరపాటు.

పైన చెప్పిన గోదావరి హద్దు ఇప్పుడు చెరుగుతున్నది. రీసస్ కోతులు దక్షిణానికి విస్తరించి బోనెట్ కోతులను నెట్టివేస్తున్నాయని కుమార్, రాధాకృష్ణ, సిన్హా 2011లో హెచ్చరించారు. తెలంగాణ ఊళ్లలో కోతుల బెడదను చూసిన ఎవరికైనా ఆ జాతి గెలుపు రహస్యం తెలుస్తుంది. దవడ సంచుల్లో దొరికినంత కుక్కుకుని సురక్షితమైన చోట నమలడం, ఏ తిండికైనా ఒప్పుకోవడం, మనిషికి భయపడకపోవడం దాని బలాలు. అడవి పంది బలం ఇంకో రకం: ఒక ఈతకు నాలుగైదు పిల్లలు, నేల తవ్వే మూతి, మొక్కజొన్న చేనైనా అశ్వారావుపేట పామాయిల్ తోటైనా ఒకటే. ఎలుగు రెండు మూడేళ్లకు ఒక ఈత, అలుగు ఏడాదికి ఒక్క పిల్ల. వేగంగా మారే లోకంలో ప్రత్యేకతను నమ్ముకున్నవి వెనకబడి, ఏదైనా తినేవి, త్వరగా పెరిగేవి ముందుకు వస్తాయి. పంటకు నష్టం చేసేవని పేరుపడినవన్నీ ఆ రెండో కోవవే కావడం యాదృచ్ఛికం కాదు.

మనిషి నుంచి తప్పించుకోవడానికి చాలా జంతువులకు దొరికిన ఉపాయం చీకటి. ఆరు ఖండాల్లో 62 జాతుల క్షీరదాల మీద వచ్చిన 76 అధ్యయనాలను కలిపి చూసిన కైట్లిన్ గేనర్ బృందం, మనుషుల అలికిడి ఉన్నచోట అవి రాత్రి తిరగడం 1.36 రెట్లు పెరిగిందని 2018లో తెలిపింది. పగలు పశువుల కాపరులూ తునికాకు కూలీలూ ఉండే ఈ అడవిలో సాంబరు, పంది, చిరుత రాత్రికి జరగడం ఆ లెక్కకు సరిపోతుంది. కానీ రాత్రి నడిచే జంతువు అలవాటైన బాటనే నడుస్తుంది. ఆ బాట మీదే ఉచ్చులు పన్నుతారు, పొలం గట్టున కరెంటు తీగలు లాగుతారు. నీళ్ల దగ్గరా ఇదే చిక్కు. వేసవిలో అటవీ శాఖ తవ్వించే సాసర్ పిట్లు అనే లోతు తక్కువ గుంటల్లో ట్యాంకర్లతో నీళ్లు నింపుతారు, దుప్పులకూ కొండగొర్రెలకూ అవి ప్రాణాధారాలు. అడవి నీటి గుంటలు ఎక్కడ ఎండుతాయో, ఎక్కడ నిలుస్తాయో జంతువుకు తరాలుగా తెలుసు. సాసర్ పిట్ జాడను మాత్రం కొత్తగా నేర్చుకోవాలి, నేర్చుకున్నాక రోజూ అక్కడికే రావాలి, చిరుతా అక్కడికే వస్తుంది, వేటగాడూ అక్కడికే వస్తాడు. గుంటలను ఒకదానికొకటి ఎంత దూరంలో, దారికి ఎంత లోపలగా తవ్వాలి అన్న ప్రశ్న ఇంజనీరింగ్ కంటె ఎక్కువగా ఈ జంతువుల నడవడికకు సంబంధించినది.